చల్లని బోర్డు, 146 డిగ్రీలు: కెర్నల్‌లో డ్రైవర్ల రిటర్న్ విలువలను దారిలో పెట్టడం

పరీక్ష బల్ల మీదున్న బోర్డు ఒక సాయంత్రం తన ఉష్ణోగ్రత 146 డిగ్రీలని ప్రకటించింది. ఫ్యాన్ హోరుమని తిరిగింది. కాసేపటికి బోర్డు వేడి భయంతో తనంతట తానే ఆగిపోయింది. చెయ్యి వేసి చూస్తే చల్లగా ఉంది. సెన్సర్ పాడైందనుకుని మార్చాం. మర్నాడు మళ్లీ 146. 145 రాదు, 147 రాదు. కదలని కొలత అసలు కొలతే కాదని నాకు తట్టేసరికి మధ్యాహ్నమైంది. 256లోంచి 146 తీసేస్తే 110. లినక్స్ ఎర్రర్ల పట్టికలో 110 అంటే ఈటైమ్డ్‌అవుట్, గడువు తీరినా జవాబు రాలేదని.

మేము పిలిచిన ఫంక్షన్ ఐ2సీ ఎస్‌ఎంబస్ రీడ్ బైట్ డేటా. ఐ2సీ అనే రెండు తీగల బస్సు (చిప్పుల మధ్య డేటా నడిచే దారి) మీద సెన్సర్ నుంచి ఒక బైటు చదివేది అదే. అది 32 బిట్ల సైన్డ్ (మైనస్ కూడా పట్టే) సంఖ్యను ఇస్తుంది. చదవగలిగితే 0 నుంచి 255 వరకు ఏదో ఒక విలువ వస్తుంది, చదవలేకపోతే మైనస్ సంఖ్య వస్తుంది. మా కోడ్ దాన్ని 8 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ పట్టని) చరరాశిలో వేసుకుంది. -110 అందులో పడి 146 అయింది. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. ‘జవాబు రాలేదు’ అని కింది పొర చెప్పిన మాటను మేమే డిగ్రీలుగా చదువుకున్నాం.

ఒక ఊళ్లో ధాన్యాన్ని మానికలతో కొలిచేవారు, పక్క ఊళ్లో కుంచాలతో కొలిచేవారు. ‘నాలుగు’ అన్న మాట ఒక్కటే విని ధర కట్టిన వర్తకుడు మునిగిపోయినట్టే. లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులో) డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్‌లు, పిలిచినవాళ్లకు తిరిగి ఇచ్చే రిటర్న్ విలువలదీ అదే పరిస్థితి. అన్నిచోట్లా ఒకే భాష ఉండదు, ఇకముందు వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు. కనుక హార్డ్‌వేర్‌కు దగ్గరగా ఒక పొలిమేర గీసుకుని, ఆ విలువను అక్కడే ఒక్కసారి అనువదించాలి. పొలిమేర దాటాక పైనున్న కోడ్‌కు వినిపించేవి రెండే మాటలు కావాలి: సున్నా అంటే పని అయింది, మైనస్ ఎర్రర్ సంఖ్య అంటే కాలేదు. చదివిన డేటా ఆ దారిలో రాకూడదు, పాయింటర్ (మెమరీ చిరునామా) ద్వారా విడిగా రావాలి.

ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఖాళీ ఉన్నచోట అండర్‌స్కోరు ఉందనుకుని చదువుకోండి.

1. ముందుగా ఏ గోత్రమో తేల్చుకోండి

పిలవబోయే ప్రతి ఫంక్షన్‌కూ దాని సోర్స్ తెరిచి, పైనున్న వ్యాఖ్యను, చివరి రిటర్న్ వాక్యాలను చదవండి. పేరు చూసి ఊహించడం ప్రమాదం. కెర్నల్ కోడింగ్ శైలి పత్రంలో ఒక నియమం ఉంది. పేరు ఆజ్ఞలా ఉంటే (ఉదాహరణకు యాడ్ వర్క్) విజయానికి సున్నా, వైఫల్యానికి మైనస్ ఎర్రర్ ఇవ్వాలి. పేరు ప్రశ్నలా ఉంటే (పీసీఐ డెవ్ ప్రెజెంట్) అవునంటే 1, కాదంటే 0 ఇవ్వాలి. మంచి నియమమే, కానీ దానికంటే వయసులో పెద్దవైన ఫంక్షన్లు చాలా ఉన్నాయి.

నాకు తరచుగా ఎదురయ్యే గోత్రాలు ఇవి. ఐ2సీ ట్రాన్స్‌ఫర్ విజయవంతమైతే సున్నా ఇవ్వదు, పూర్తయిన సందేశాల సంఖ్య ఇస్తుంది. యూఎస్‌బీ కంట్రోల్ మెసేజ్ బదిలీ అయిన బైట్లను ఇస్తుంది. వెయిట్ ఫర్ కంప్లీషన్ టైమ్‌అవుట్‌లో తీరు తిరగబడుతుంది. అక్కడ గడువు తీరిపోతే 0, పని పూర్తయితే మిగిలిన జిఫ్ఫీల (కెర్నల్ గడియారం టిక్కుల) సంఖ్య, కనీసం 1. కాపీ ఫ్రమ్ యూజర్ అయితే కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్లను లెక్కపెట్టి చెబుతుంది. అది నేరుగా ఎర్రర్ కాదు, సున్నా కాని విలువ వస్తే ఈఫాల్ట్‌ను (తప్పు చిరునామా అనే ఎర్రర్‌ను) మీరే పెట్టి పంపాలి. పరికరం నేరుగా వాడుకునేలా మెమరీని సిద్ధం చేసే డీఎంఏ మ్యాప్ ఎస్‌జీ విఫలమైతే 0 ఇస్తుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్లకు (పరికరం సైగ చేసినప్పుడు నడిచే ఫంక్షన్లకు), నెట్‌వర్క్ డ్రైవర్ల ట్రాన్స్‌మిట్ ఫంక్షన్లకు, డిస్కులను చూసుకునే బ్లాక్ పొరకు ఎవరి సొంత రకాలు వాళ్లకున్నాయి. హ్యాండ్లర్ నుంచి అలవాటు కొద్దీ -5 పంపితే కెర్నల్ దాన్ని ఎర్రర్‌గా తీసుకోదు, ‘బోగస్ రిటర్న్ వాల్యూ’ అని లాగ్‌లో తిడుతుంది.

పిలిచే ఫంక్షన్ ఏ గోత్రానిదో కోడ్ పక్కన ఒక్క వాక్యంలో రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చదివేది మీరే.

2. విలువను పట్టుకునే పాత్ర సరైనదేనా

మైనస్ విలువ వచ్చే అవకాశం ఉంటే ఇంట్‌లోనే (మైనస్‌నూ పట్టే మామూలు పూర్ణ సంఖ్య రకంలోనే) పట్టుకోండి. పరీక్ష పూర్తయ్యాకే చిన్న రకంలోకి దించండి. మా 146 కథలో తప్పింది ఇదొక్కటే.

దీనికి అద్దంలో బొమ్మ లాంటి తప్పు కూడా ఉంది. అన్‌సైన్డ్ చరరాశిని తీసుకుని ‘సున్నా కంటే తక్కువా’ అని అడగడం. అది ఎప్పటికీ నిజం కాదు. డివైస్ ట్రీ (బోర్డు మీద ఏయే పరికరాలున్నాయో చెప్పే పట్టిక) నుంచి ఇంటరప్ట్‌ను తెచ్చే ఐఆర్‌క్యూ ఆఫ్ పార్స్ అండ్ మ్యాప్ అన్‌సైన్డ్ సంఖ్య ఇస్తుంది, విఫలమైతే 0 ఇస్తుంది. దాని తోబుట్టువులా కనిపించే ప్లాట్‌ఫామ్ గెట్ ఐఆర్‌క్యూ విఫలమైతే మైనస్ ఇస్తుంది, విజయవంతమైతే సున్నా కాని సంఖ్య ఇస్తుంది. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి, కింది పరీక్షను అలాగే వదిలేసిన ప్యాచ్‌లు నేను సమీక్షలో చాలాసార్లు చూశాను. కంపైలర్ నోరెత్తదు.

3. ఒక పిన్ను దగ్గర కాసేపు ఆగుదాం

అస్థిరమైన రిటర్న్ విలువలు ఎలా పుడతాయో, వాటితో కెర్నల్ ఎలా వేగుతుందో చూడటానికి జీపీఐఓ (చిప్‌లో ఏ పనికైనా వాడుకోగల పిన్నులు) కంటే మంచి చోటు లేదు.

జీపీఐఓ చిప్ డ్రైవర్ గెట్ అనే కాల్‌బ్యాక్ (కెర్నల్ తనకు కావలసినప్పుడు పిలిచే ఫంక్షన్) ఇవ్వాలి. ఒప్పందం చాలా తేలిక. పిన్ను వోల్టేజీ కిందికి ఉంటే 0, పైకి ఉంటే 1, చదవలేకపోతే మైనస్ ఎర్రర్. ఇప్పుడు ఒక డ్రైవర్ రచయిత రిజిస్టర్ (చిప్ తన స్థితిని ఉంచే గడి) చదివి, ఆ పిన్ను తాలూకు బిట్‌తో ఆండ్ చేసి, వచ్చిందాన్ని అలాగే తిరిగి పంపేశాడనుకోండి. 0వ పిన్నుకు 1 వస్తుంది, ఒప్పందం నిలబడుతుంది. 5వ పిన్నుకు 32 వస్తుంది. ‘సున్నా కాదు కదా, పైకి ఉన్నట్టే’ అని అందరూ సర్దుకుంటారు. 31వ పిన్ను దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. 32 బిట్ల ఇంట్‌లో 31వ బిట్టే మైనస్ గుర్తు. పిన్ను పైకి ఉన్నప్పుడు వచ్చే విలువ -2147483648. పై పొర దాన్ని ఎర్రర్ అనుకుంటుంది. ముప్పై ఒక్క పిన్నులు చక్కగా పనిచేసి, చివరిది మాత్రం పైకి లేచినప్పుడల్లా విఫలమవుతుంది. పరీక్షకు ఎవరూ 31వ పిన్నును ఎంచుకోరు.

డ్రైవర్‌లో దీనికి మందు రెండు ఆశ్చర్యార్థకాలు. విలువ ముందు వాటిని పెడితే సున్నా సున్నాగానే ఉంటుంది, మిగిలినదేదైనా 1 అవుతుంది. 2015 డిసెంబరులో జీపీఐఓ డ్రైవర్లలో వరుసగా ఈ సవరణలే చేశారు. పైనున్న జీపీఐఓ కోర్ (ఈ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడి పొర) కూడా చాలాకాలం ఒక వరుసతో కాపలా కాసింది. మైనస్ అయితే అలాగే పైకి, లేకపోతే 0 లేదా 1గా మార్చి పైకి.

ఆ తర్వాతి మలుపు ఈ మొత్తం విషయంలో నాకు నచ్చిన పాఠం. 2025లో వచ్చిన 6.15 కెర్నల్‌లో కోర్ పట్టు బిగించింది. డ్రైవర్ 1 కంటే పెద్ద విలువ ఇస్తే సర్దడం మానేసి, ఈబేడ్‌ఈ అనే ఎర్రర్ తిప్పికొట్టడం మొదలుపెట్టింది. ఒప్పందం ప్రకారం అది న్యాయమే. కానీ కెర్నల్ చెట్టులోనే (కెర్నల్ సొంత సోర్స్‌లోనే) ఒప్పందం తప్పిన డ్రైవర్లు ఇంకా చాలా మిగిలి ఉన్నాయని దాదాపు ఏడాది తర్వాత తేలింది. చివరికి మధ్యేమార్గం పట్టారు: విలువను కోర్ సర్దుతుంది, దాంతోపాటు ‘ఈ డ్రైవర్‌ను బాగుచెయ్యండి’ అని లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది.

4. పొలిమేరలో అనువదించండి

ప్రతి బస్సు ఫంక్షన్‌కూ మీ డ్రైవర్‌లో ఒక చిన్న కవచం రాయండి. ఆ ఫంక్షన్‌ను నేరుగా పిలిచే హక్కు ఆ కవచానికి తప్ప మీ ఫైల్‌లో మరెవరికీ ఉండకూడదు. ఐ2సీ ట్రాన్స్‌ఫర్‌కు రాసే కవచాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది:

ఫలితం = రెండు సందేశాలతో ఐ2సీ ట్రాన్స్‌ఫర్
ఫలితం సున్నా కంటే తక్కువైతే: ఆ ఫలితాన్నే తిరిగి పంపు
ఫలితం 2 కాకపోతే: -ఈఐఓ (చదవడం, రాయడంలో లోపం) పంపు
లేకపోతే: 0 పంపు

మధ్య వరుసను చాలామంది వదిలేస్తారు. రెండు సందేశాల్లో ఒకటే వెళ్లిందంటే రిజిస్టర్ చిరునామా రాశాం గానీ విలువ చదవలేదని అర్థం. బఫర్‌లో అంతకుముందున్న చెత్త అలాగే ఉంటుంది. ఇంకో తప్పూ కనిపిస్తుంది. ‘ఫలితం 2 కాకపోతే ఫలితాన్నే పంపు’ అని ఒక్క వరుసలో తేల్చెయ్యడం. అప్పుడు ఒక్క సందేశమే వెళ్లిన సందర్భంలో పై పొరకు 1 అందుతుంది. పై పొర మైనస్ కోసమే చూస్తుంటే దాన్ని విజయంగా లెక్కవేస్తుంది.

యూఎస్‌బీలో ఈ తలనొప్పి ఎంత ముదిరిందంటే, 5.10 కెర్నల్‌లో యూఎస్‌బీ కంట్రోల్ మెసేజ్ రిసీవ్, యూఎస్‌బీ కంట్రోల్ మెసేజ్ సెండ్ అనే కొత్త ఫంక్షన్లు తెచ్చారు. అడిగినన్ని బైట్లు రాకపోతే అవే ఎర్రర్ ఇస్తాయి, అన్నీ వస్తే 0. కొత్త కోడ్‌లో పాతదాన్ని పిలవడానికి నాకు కారణం కనిపించదు.

పీసీఐ (కార్డులను కంప్యూటర్‌కు కలిపే బస్సు) కాన్ఫిగరేషన్ చదివే ఫంక్షన్లది వేరే వింత. వాటి ఎర్రర్లు ప్లస్ సంఖ్యలు. పరికరం దొరకకపోతే వచ్చేది హెక్సాలో 86, అంటే 134. ‘సున్నా కంటే తక్కువా’ అన్న పరీక్షకు అది చిక్కదు. పీసీఐబయోస్ ఎర్ర్ టు ఎర్ర్‌నో అనే చిన్న ఫంక్షన్ దాన్ని మామూలు మైనస్ కోడ్‌గా మారుస్తుంది, అప్పటికే మైనస్‌లో ఉన్నదాన్ని ముట్టుకోదు. మార్చకుండా ప్రోబ్ (పరికరం దొరికినప్పుడు కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) నుంచి 134ను అలాగే పంపితే, పీసీఐ కోర్ ఒక హెచ్చరిక రాసి, ప్రోబ్ నెగ్గిందనే అనుకుంటుంది. సగం లేచిన పరికరం వ్యవస్థలో తిరుగుతూ ఉంటుంది.

వెయిట్ ఫర్ కంప్లీషన్ టైమ్‌అవుట్‌కు కవచం రెండు వరుసలు: 0 వస్తే -ఈటైమ్డ్‌అవుట్, మిగతావన్నీ 0. ఇంటరప్టిబుల్ రకం వాడితే మూడో దారి ఉంటుంది, సిగ్నల్ వచ్చి మధ్యలో లేచినందుకు మైనస్ విలువ. దాన్ని గడువుగా మార్చకుండా అలాగే పంపండి.

5. పాయింటర్లు

పాయింటర్ ఇచ్చే ఫంక్షన్లలో కొన్ని విఫలమైతే నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తాయి, కొన్ని ఎర్రర్ సంఖ్యను పాయింటర్ వేషంలో పంపుతాయి. చిరునామాల చిట్టచివరి 4095 విలువలను కెర్నల్ ఎర్రర్ల కోసం కేటాయించుకుంది, ఈజ్ ఎర్ర్ అనే ఫంక్షన్ పరీక్షించేది ఆ మడిని. డెవ్‌ఎమ్ ఐఓరీమ్యాప్ నల్ ఇస్తుంది. డెవ్‌ఎమ్ ఐఓరీమ్యాప్ రిసోర్స్ వేషం వేసిన పాయింటర్ ఇస్తుంది. పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఏది వస్తుందో తేల్చుకోలేక ఈజ్ ఎర్ర్ ఆర్ నల్ పెట్టి, లోపల పీటీఆర్ ఎర్ర్‌ను (పాయింటర్ వేషం విప్పి ఎర్రర్ సంఖ్యను ఇచ్చేదాన్ని) తిరిగి పంపడం బద్ధకస్తుల మార్గం. నల్ వచ్చిన రోజు పీటీఆర్ ఎర్ర్ విలువ 0 అవుతుంది, అంటే వైఫల్యాన్ని గుర్తించి మరీ ‘పని అయింది’ అని పైకి చెప్పినట్టు. ఆ పరీక్ష కనిపించినప్పుడల్లా నేను కింది ఫంక్షన్ సోర్స్ తెరుస్తాను. ఒక మినహాయింపు చెప్పాలి. డెవ్‌ఎమ్ క్లాక్ గెట్ ఆప్షనల్ లాంటివి ‘ఆ వస్తువు ఈ బోర్డు మీద లేదు, లేకపోయినా ఫర్వాలేదు’ అని చెప్పడానికే నల్ ఇస్తాయి. అక్కడ నల్ వైఫల్యం కాదు.

6. 1 కూడా విజయమే అయినచోట

పీఎమ్ రన్‌టైమ్ గెట్ సింక్ పరికరాన్ని నిద్ర లేపితే 0 ఇస్తుంది, అది ముందే మేలుకుని ఉంటే 1 ఇస్తుంది. ‘సున్నా కాకపోతే ఎర్రర్’ అని రాసిన కోడ్ బల్ల మీద బాగానే నడుస్తుంది. ఇద్దరు ఒకేసారి పరికరాన్ని వాడిన రోజు తప్పుతుంది. దాని రెండో గుణం ఇంకా చెడ్డది. విఫలమైనా వాడకపు లెక్కను ఒకటి పెంచేస్తుంది, దాన్ని దించే బాధ్యత మీదే. 5.10లో వచ్చిన పీఎమ్ రన్‌టైమ్ రెజ్యూమ్ అండ్ గెట్ ఈ రెండింటినీ సరిచేసింది. అది 0 లేదా మైనస్ మాత్రమే ఇస్తుంది, విఫలమైతే లెక్కను తనే దించుతుంది. మార్చేటప్పుడు ఎర్రర్ దారిలో పాత లెక్క దించే పిలుపును తీసెయ్యడం మరిచిపోకండి, లేకపోతే రెండుసార్లు దిగుతుంది.

7. ఎర్రర్ సంఖ్యకు గౌరవం ఇవ్వండి

కింది నుంచి వచ్చిన మైనస్ కోడ్‌ను కారణం లేకుండా మార్చకండి. చాలా డ్రైవర్లలో ఏది వచ్చినా -ఈఐఓ అని కొట్టేసే అలవాటు ఉంది. దానివల్ల మొదట నష్టపోయేది -517, అంటే ఈప్రోబ్ డిఫర్. ‘నాకు కావలసిన క్లాకు ఇంకా రాలేదు, తర్వాత మళ్లీ పిలువు’ అన్న ఆ మనవిని -ఈఐఓగా మారిస్తే, కెర్నల్ ఆ పరికరాన్ని ఇక పిలవదు. ఒక బూట్‌లో పనిచేసి ఇంకో బూట్‌లో పనిచేయని పరికరాల వెనక ఈ ముద్దాయి దొరకడం నేను ఎరుగుదును. ప్రోబ్‌లో లాగ్ రాయడానికి డెవ్ ఎర్ర్ ప్రోబ్ వాడితే ఈ సందర్భంలో అది లాగ్‌ను ఎర్రర్లతో నింపదు, కోడ్‌ను చెక్కుచెదరకుండా తిరిగి ఇస్తుంది.

ఉట్టి -1 పంపకండి. 1 అంటే ఈపెర్మ్, అనుమతి లేదు. తీగ ఊడిపోతే వాడుకరికి అనుమతి లేదని చెప్పినట్టవుతుంది. అలాగే 524, అంటే ఈనాట్‌సప్ (ఈ పనికి మద్దతు లేదు), కెర్నల్ లోపలి సంఖ్య. అది బయటికి జారితే వాడుకరికి ‘అన్‌నోన్ ఎర్రర్ 524’ అని కనిపిస్తుంది. బయటికి వెళ్లే దారిలో ఈఓపీనాట్‌సప్ వాడండి.

ఫలానా కోడ్ వస్తేనే ఫలానా పని అని పై పొరలో నిర్ణయాలు కట్టకండి. ఐ2సీ చిరునామాకు ఎవరూ పలకకపోతే ఈఎన్‌ఎక్స్‌ఐఓ ఇవ్వాలని కెర్నల్ పత్రాలు చెబుతున్నాయి. అదే సందర్భంలో ఈరిమోట్‌ఐఓ ఇచ్చే కంట్రోలర్ డ్రైవర్లూ ఉన్నాయి. ఒకదాని మీద రాసిన ‘పరికరం లేదు’ పరీక్ష ఇంకో బోర్డు మీద పలకదు.

8. విలువే అబద్ధం చెప్పినప్పుడు

పీసీఐ పరికరం ఊడిపోయాక దాని రిజిస్టర్ చదివితే సాధారణంగా ఎర్రర్ రాదు. అన్ని బిట్లూ 1గా ఉన్న విలువ వస్తుంది. ఇందులో రెండు ఉచ్చులున్నాయి. ‘బిజీ బిట్ దిగేదాకా తిరుగు’ అన్న లూప్ ఎన్నటికీ ఆగదు. ‘పూర్తయింది బిట్ లేచేదాకా తిరుగు’ అన్న లూప్ మొదటి చుట్టులోనే నెగ్గుతుంది. రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ అంతా సవ్యంగా జరిగినట్టే ఉంటుంది. మొదటిదానికి గడువున్న రీడ్‌ఎల్ పోల్ టైమ్‌అవుట్ చాలు. రెండోదానికి గడువు పనికిరాదు. విలువను పీసీఐ పాసిబుల్ ఎర్రర్ అనే మాక్రోతో చూసి, అనుమానం వస్తే, ఎన్నడూ అన్నీ 1లు కాలేని ఇంకో రిజిస్టర్‌ను చదివి నిర్ధారించుకోండి.

9. డ్రైవర్‌ను దిద్దాలా, పై పొరలో సర్దాలా

డ్రైవర్ కెర్నల్ చెట్టులో ఉంటే దాన్నే దిద్దండి. లోపలి ఇంటర్‌ఫేస్‌ను ఎప్పుడైనా మార్చుకునే స్వేచ్ఛ లినక్స్ ఉంచుకున్నది ఇలాంటి పనులకే. ఐ2సీ రిమూవ్ కాల్‌బ్యాక్ ఏళ్లతరబడి ఒక ఇంట్ ఇస్తూ ఉండేది. ఎర్రర్ ఇచ్చినా పరికరం తొలగిపోవడం ఆగేది కాదు. 6.1లో ఆ రిటర్న్‌నే తీసేశారు, ప్లాట్‌ఫామ్ డ్రైవర్లకు అదే పని 6.11 నాటికి పూర్తయింది. తప్పు రాసే చోటే లేకుండా చెయ్యడం కంటే మంచి సవరణ ఉండదు.

డ్రైవర్లు పదులకొద్దీ ఉండి, అన్నీ మీ చేతిలో లేనప్పుడు మాత్రం కోర్‌లో సర్దండి. చప్పుడు చెయ్యకుండా సర్దవద్దు. ఒక్కసారి మాత్రమే రాసే హెచ్చరికను, డ్రైవర్ పేరుతో, వచ్చిన అసలు విలువతో రాయండి. చుట్టుచుట్టుకూ రాస్తే లాగ్ నిండి, వాడుకరి దాన్ని మూసేస్తాడు.

10. తప్పును మీరే పుట్టించి చూడండి

ఎర్రర్ దారులు మామూలు పరీక్షల్లో నడవవు. ముందు కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే స్మాచ్, స్పార్స్ లాంటి పనిముట్లతో చదివించండి. అన్‌సైన్డ్‌ను సున్నాతో పోల్చడం, పీటీఆర్ ఎర్ర్‌కు నల్ వెళ్లడం స్మాచ్ పట్టుకుంటుంది. బ్లాక్ పొర స్థితి రకాన్ని ఇంట్‌తో కలిపితే స్పార్స్ అరుస్తుంది. లాగ్ వరుసల్లో ఎర్రర్‌ను సంఖ్యగా కాక, పర్సంట్ పీఈ (%pe) ఆకృతితో రాయండి. 5.5 కెర్నల్ నుంచి అది పేరునే ముద్రిస్తుంది. ఆ సాయంత్రం మా లాగ్‌లో ఒక్క పేరు కనబడి ఉంటే సెన్సర్ జోలికి వెళ్లేవాళ్లం కాదు.

తర్వాత బస్సును చెడగొట్టండి. ఐ2సీ జీపీఐఓ డ్రైవర్‌లో తప్పులు పుట్టించే సదుపాయం కెర్నల్‌లోనే ఉంది. రెండు జీపీఐఓ పిన్నులను అదే బస్సు తీగలకు కలిపి, ఆ ఐచ్ఛికంతో కెర్నల్ కట్టుకుంటే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (తప్పులు వెతకడానికి కెర్నల్ చూపించే ఫైళ్లలో) ఎస్‌సీఎల్ అనే ఫైల్ కనిపిస్తుంది. దానిలో 0 రాస్తే క్లాకు తీగ కిందికి లాగబడి, బస్సు బిగుసుకుపోతుంది. 1 రాస్తే విడుదలవుతుంది.

కవచాలన్నీ పెట్టాక మా బోర్డు మీద ఇదే చేశాను. ఫైల్‌లో 0 రాసి, ఇంకో టెర్మినల్‌లో క్యాట్ ఆదేశంతో ఉష్ణోగ్రత ఫైల్ చదివాను. సంఖ్యేదీ రాలేదు, ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అన్న వరుస వచ్చింది. ఆ బోర్డుకు నెట్‌వర్కే లేదు, ఆ కనెక్షన్ మాట సీ లైబ్రరీ తగిలించింది. ఫ్యాన్ మామూలు వేగంతో తిరుగుతూనే ఉంది. ఫైల్‌లో 1 రాశాను. తర్వాతి చదువులో 34 డిగ్రీలు, దాని తర్వాత 35.